పాటర్న్ మింగేసిన లాట్లు

“జనాన్ని ఖాళీ చేయిస్తే రిమోట్ నొక్కేస్తారు. చప్పుడు కాకుండా బాంబు తీయాలి,” ఇయర్‌పీస్‌లో చీఫ్ బ్యూలా మేడమ్ గొంతు. “డోరా మెసేజ్ వచ్చింది. చూడు, హెన్రీ.”

ఏజెంట్ హెన్రీ బోయిన్‌పల్లి మార్కెట్‌లో హమాలీ వేషంలో ఉన్నాడు. నెత్తిన తువ్వాలు, చేతిలో ఫోన్. డోరా తమ మనిషేనని, మార్కెట్‌లో బాంబు పెట్టిన విదేశీ ముఠా నమ్ముతోంది. నిజానికి ఆమె హెన్రీ దళానిది. టమాటా ధరల పేరుతో పేజీ పొడవున మెసేజ్ పెట్టింది. అందులో ‘కుళ్లు’ అన్న మాట పక్కనున్న నంబరే బాంబున్న లాట్, అంటే సరుకు కుప్ప.

టెక్స్టులోంచి ఒకే తీరు మాటల్ని ఏరే రెజెక్స్ పాటర్న్ ఒకటి రాసి నడిపాడు హెన్రీ. ఏడు అని వచ్చింది. బాంబ్ స్క్వాడ్ తిరుమల్ రైతులా వెళ్లి, ఏడో లాట్‌లో వైరు కత్తిరించి వచ్చాడు.

“అయిపాయె అన్నా! ఇంక పరేషాన్ ఏందీ? చాయ్ తాగుదాం పా.”

హెన్రీకి కాలు నిలవలేదు. ఒక్క నంబరు కోసం డోరా పేజీ నింపుతుందా? పాటర్న్ మళ్లీ చూశాడు. నంబరును పట్టే బ్రాకెట్ వెనకే, దాన్ని మళ్లీ మళ్లీ తిప్పే ప్లస్ గుర్తు. బ్రాకెట్ అలా మళ్లీ మళ్లీ తిరిగితే, కొత్తగా దొరికింది పాతదాన్ని చెరిపేస్తుంది. మిగిలేది చివరిదొక్కటే.

ప్లస్ తీసేసి, దొరికినవన్నీ విడివిడిగా ఇమ్మన్నాడు. పన్నెండు. ముప్పై ఒకటి. ఏడు.

“తిరుమల్, నువ్వు పన్నెండుకి పో!”

తను పరిగెత్తిన ముప్పై ఒకటో లాట్ పక్కనే నల్లకళ్లద్దాలు, పట్టుచీరతో డోరా! బాంబు ఎప్పుడో తీసేసి ఉంటారన్న ధీమాతో, వెళ్లబోతున్న ముఠా నాయకుణ్ని బేరాలాడుతూ ఆపుతోంది. అతని చేయి జేబులో ఉంది.

హెన్రీ ఉల్లిగడ్డల బస్తా ఎత్తుకున్నాడు.

“జరుగు, జరుగు సేట్!”

బస్తా నేరుగా నాయకుడి మీద పడింది. జేబులోంచి రిమోట్‌తో బయటికొచ్చిన మణికట్టు మీద డోరా హైహీల్ దిగింది. పన్నెండు ముగించిన తిరుమల్ పరుగున వచ్చి చివరి వైరు కత్తిరించాడు.

పాపం ఎవరో పడ్డారనుకుని, కొత్తిమీర అమ్మే అవ్వ నాయకుడికి నీళ్ల సీసా అందించింది. బేడీలు వేస్తున్న తిరుమల్ అతను తాగేదాకా ఆగాడు.

“ఈ బాంబు ఇంకా ఇక్కడే ఉందా?” డోరా మొహం పాలిపోయింది. “నా మెసేజ్ చదవలేదా?”

“పేజీ అంతా చదివే టైమ్ లేదనుకున్నా.”

“ప్రోగ్రామ్ రాయడానికి మాత్రం దొరికింది,” అంటూ హీల్‌కి అంటిన టమాటాని అతని తువ్వాలుతో తుడుచుకుంది డోరా.