ఆఖరి సీసా

ల్యాబ్ ఫ్రీజర్ల వైర్లన్నీ ఎవరో కోసేశారు. లోపలున్న బాక్టీరియా కల్చర్ మొత్తం పాడైపోయింది. ఇంక్యుబేటర్‌లో ఉన్న ఒక్క సీసా మిగిలింది.

"ఫారిన్ ముఠా పని. ఆ సీసా కూడా దొరికితే నాశనం చేస్తారు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ తన ఏజెంట్‌తో. "సాయంత్రంలోగా వాల్ట్‌కి చేర్చు. నీకు తోడుగా మన మనిషి వస్తుంది. కోడ్ చెప్తుంది."

"సర్, ఆ ల్యాబ్ సైంటిస్ట్ మా అక్క."

"తెలుసు. అందుకే నువ్వు."

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గాలిపటం అంటారు. కాలు ఒకచోట నిలవదు. ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి వెళ్లి, సీసా జేబులో వేసుకుని, కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. అక్క పచ్చి అరటికాయ పిండి తూస్తోంది.

"ఈ పిండిలో పీచు మనకి అరగదురా. పేగుల్లో ఈ బాక్టీరియాకి అదే తిండి. రెండూ కలిపి పొడి చేస్తే, కడుపు జబ్బులతో చిక్కిపోయే పిల్లలు తేరుకుంటారు. ఇలాంటివి చాలావరకు కడుపులో యాసిడ్‌కి చస్తాయి. ఇది చావదు. దీని వెనకపడే నా జుట్టు నెరిసింది. ఇది కూడా పోతే నేను తట్టుకోలేను."

తలుపు తెరుచుకుంది. నల్లకళ్లద్దాలు, సిల్కు స్కార్ఫ్‌తో ఒకామె. గదంతా సెంటు.

"పాలు విరిగాయా?"

"ఇంకా కాచలేదు," అన్నాడతను. కోడ్ కలిసింది. హమ్మయ్య అనుకుని తల తిప్పేలోగా ఆమె చేతిలోని లిప్‌స్టిక్ క్లిక్‌మంది. అది పిస్టల్. గురి అక్క కణతకి.

"రెండు పడవల మీద కాళ్లా?" అన్నాడు.

"సీసా ఇవ్వు."

"ఇవ్వకురా. నేను పోయినా ఫర్వాలేదు," అంది అక్క.

అతను మూత పీకి సీసా గటగటా తాగేశాడు.

ఆమె నోరెళ్లబెట్టింది. తర్వాత పకపకా నవ్వింది. "పీడా పోయింది. నా పని నువ్వే చేసిపెట్టావు." ముఠాకి ఆ మాట చెప్పడానికి స్కార్ఫ్‌లోని మైక్ వైపు వంగింది. అతని బాల్‌పెన్‌లోంచి మత్తుమందు చిమ్మింది. ఆమె కుప్పకూలింది.

అక్క నేలమీద కూలబడి ఏడ్చింది. "ఎంత పని చేశావురా."

"చావదని నువ్వేగా అన్నావు? నీ మాట మీద నీకే నమ్మకం లేదా?"

ఆమె ఏడుపు ఆపింది. తమ్ముడి పొట్ట వంక చూసింది. లేచి, చల్లటి నీళ్లలో అరటికాయ పిండి కలిపి గ్లాసు చేతికిచ్చింది. "తాగు. వాటికి తిండి కావాలి." పక్కనే మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టింది. "శాంపిల్ ఇందులో. ఇచ్చేదాకా గడప దాటావంటే ఊరుకోను."

ఫోన్ మోగింది. "కల్చర్ ఎక్కడ?" అన్నాడు చీఫ్.

"భద్రంగా ఉంది సర్. డెలివరీ టైమే నా చేతుల్లో లేదు."