మలుపు దగ్గర పిలుపు

బెలేన్ నోరు విప్పి నాలుగు నెలలైంది. ఏడేళ్ల పిల్ల, ఒంటిమీద చిన్న గీత కూడా పడలేదు! వహాకా కొండల మలుపులో ఎదురుగా వచ్చిన లారీ వాళ్ల బండిని గుద్దినప్పుడు తల్లి పక్కసీట్లోనే ఉంది బెలేన్. నడుపుతున్నది తల్లి రుఫీనాయే. ఆనాటినుంచీ వాకిట్లో బండి చప్పుడైతే చాలు, పిల్ల బల్ల కిందికి దూరిపోతుంది.

ఆ పొద్దున కూడా అంతే... పెనం మీద మొక్కజొన్న రొట్టె తిరగేస్తున్న రుఫీనా అత్తగారు దొమితీలా చూసి నిట్టూర్చింది.

"జడుసుకుని దీని ప్రాణం ఆ మలుపులోనే ఉండిపోయింది. వెళ్లి పిలుచుకు రావాలి. నీ ఘనకార్యమే కదా, నువ్వూ నడువు."

"డాక్టరమ్మ బలవంతం చెయ్యొద్దంది అత్తయ్యా. బొమ్మలు గీయిస్తోంది, మెల్లమెల్లగా..."

"గీయించనీ, నేనేం అడ్డుపడ్డానా? ఆవిడ పని ఆవిడది, మన పని మనది."

రుఫీనా శాలువా భుజాన వేసుకుంది. ఇన్ని నెలలుగా ఏ నిందకూ ఎదురు చెప్పలేదు, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు... ఏడ్చే హక్కు తనకు లేదనుకుంది పిచ్చితల్లి!

పిల్ల బండెక్కదు గనక ముగ్గురూ రెండు గంటలు నడిచారు. మలుపులో దొమితీలా మనవరాలి చొక్కా నేలమీద పరిచి, సారా చిలకరించి, ఆకుల కొమ్మతో మట్టిని మూడుసార్లు కొట్టింది. "బెలేన్, రా, ఇంటికి పోదాం." పిలుపు విన్నవాళ్లు 'వస్తున్నా' అని పలకాలి. పిల్ల పలకలేదు.

"కన్నదానివి, నువ్వు పిలువు," అంటూ కొమ్మ కోడలి చేతికిచ్చింది.

రుఫీనా కొమ్మ ఎత్తింది గానీ మట్టిని కొట్టలేకపోయింది. చూపు లారీ వచ్చిన వైపే బిగుసుకుపోయింది.

బెలేన్ అమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. నేలమీది తన చొక్కా తీసి పక్కన పెట్టింది. అమ్మ భుజం మీది శాలువా లాగి అక్కడ పరిచింది. కొమ్మ అందుకుని మట్టిని కొట్టింది.

"రుఫీనా... రా, ఇంటికి పోదాం."

ఆ గొంతు! కన్నబిడ్డ నోట తన పేరు! రుఫీనా నేలమీద కూలబడింది. అన్ని నెలల ఏడుపూ ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"వస్తున్నా తల్లీ... వస్తున్నా..."

ఎందరి ప్రాణాలనో పిలిచి తెచ్చిన దొమితీలా ఆ పసిదానికి చేతులు జోడించింది. "బండి నడిపినదానికి భయమేమిటనుకున్నానే... నా కళ్లు మండ," అని కోడలి పక్కన చతికిలబడి, తానూ ఆ పేరే పిలిచింది.

తిరుగు దారిలో తెలిసినవాళ్ల బండి ఒకటి ఆగింది. "ఎక్కుదామా?" అని రుఫీనా మెల్లగా అడిగింది.

బెలేన్ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇవాళ వద్దమ్మా," అంది.

ముగ్గురూ నడిచే ఇల్లు చేరారు.