రెండో ఈల

కారు సిగ్నల్ దగ్గర ఆగింది. రెండు తూటాలు పేలాయి. ఒకటి డ్రైవర్ నుదుటిని చీల్చింది. రెండోది వెనకసీట్లో కూర్చున్న ఆవిడ పక్కటెముకల మధ్య ఇరుక్కుంది.

ఆవిడ ఏజెంట్ ‘ఈల’కి సొంత అక్క. తనూ ఏజెంటే.

ఈలకి ఆ పేరు రావడానికి కారణం ముక్కు. ఒకప్పుడు మారువేషంలో డ్రగ్ ముఠాలో చేరి, వాళ్లు నమ్మాలని వాళ్లతోపాటు కొకైన్ పీల్చాడు. వాళ్లు నమ్మేశాక కూడా పీల్చాడు. మానేసి ఏళ్లు గడిచినా ముక్కు మధ్యగోడకి పడ్డ చిల్లు పూడలేదు. వాసన తెలియదు. పొద్దున లేస్తే పొక్కులు, రక్తం. ఊపిరి తీస్తే సన్నగా ఈల. ఆ ఈల విని వీధికుక్కలు తోకలూపుకుంటూ ఆఫీసు మెట్లెక్కేవంటారు. అందులో సగమైనా నిజమే.

"మీ అక్క బతికే ఉంది. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్తున్నారు," అన్నాడు చీఫ్.

"కాల్చిందెవడు సార్?"

"సూది. విదేశీ ముఠా మనిషి. వాళ్ల బాస్ మొహం చూసింది మీ అక్కొక్కతే. ఆవిడ నోరు విప్పకముందే వాడు మళ్లీ వస్తాడు, డాక్టర్ వేషంలో. పోలీసుల్ని పెడితే ఇవాళ పారిపోయి రేపొస్తాడు."

"ఆనవాలు?"

"ముఠా సరుకు సగం వాడే పీల్చేశాడట. నీ ముక్కుకి కవల అనుకో."

"అందుకా నన్ను పిలిచారు?"

"పొడి మానేశావు గానీ ముక్కు మానలేదుగా. ఇవాళ పనికొస్తుంది, పో."

ఈల వార్డ్ బాయ్ వేషం వేశాడు. చేతిలో బెడ్‌పాన్. దాని దొంగ అడుగులో పిస్తోలు. థియేటర్ గుమ్మంలో నర్సు అడ్డం నిలబడింది.

"ఏయ్, ఆ పాన్‌తో లోపలికా! బయట పెట్టు!"

"ఇది కడిగిందేనమ్మా..."

"నువ్వు బంగారంతో చేయించినా సరే, బయటే!"

దేశాన్ని కాపాడాల్సిన పిస్తోలు చీపురు పక్కన ఉండిపోయింది.

లోపల అందరికీ ఆకుపచ్చ గౌన్లు, మాస్కులు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ కళ్లకి మాత్రం కాటుక. అందగత్తె, డబుల్ ఏజెంట్. ఈల గొంతు తగ్గించి కోడ్ చెప్పాడు.

"ఫ్యాన్ తిరగడం లేదు."

"తిరిగితే జలుబు చేస్తుంది."

"వీళ్లలో సూది ఎవరు?"

"చెప్తే నాకో జీతం పోతుంది బాబూ."

"సైలెన్స్!" అన్నాడు సర్జన్. రెండు చేతులూ గాయంలోకి పోనిచ్చాడు. గుండె మిషన్ బీప్‌మంటోంది. దాని వెనక సన్నటి ఈల. నర్సు ఏజెంట్ వైపు గుడ్లురిమింది. అతను ఊపిరి బిగబట్టాడు.

ఈల ఆగలేదు.

అది వస్తున్నది అసిస్టెంట్ డాక్టర్ మాస్కులోంచి! వాడి సిరంజి అప్పటికే సెలైన్ ట్యూబ్‌లో గుచ్చి ఉంది. బొటనవేలు నొక్కుతోంది.

ఏజెంట్ దూకాడు. చేతులు ట్రాలీకి తగిలి పక్కకి పోయాయి. పళ్లు మాత్రం ట్యూబ్ మీద పడ్డాయి. అక్క చేతికి జానెడు దూరంలో ట్యూబ్‌ని దవడపళ్లతో నొక్కిపట్టాడు. విషం అక్కడే ఆగింది.

సూదికి ఆ ముక్కు సంగతి ఒకరు చెప్పాలా? సరిగ్గా దానిమీదే పిడికిలితో గుద్దాడు. లోపల నిలబెట్టే గోడ లేని ముక్కు తడిసిన అట్టలా అణిగిపోయింది. రక్తం గొంతులోకి దిగింది. ముక్కుతో గాలి రాదు. నోరు తెరిస్తే అక్క పోతుంది. సూది కత్తి తీసి భుజంలో పొడిచాడు, తిప్పాడు. అయినా పళ్లు వదల్లేదు.

"ఎవరైనా వాణ్ణి పట్టుకోండయ్యా! నా చేతులు లోపలున్నాయి!" సర్జన్ అరిచాడు.

కళ్లకి చీకట్లు కమ్ముతుండగా ఏజెంట్ వేళ్లకి స్టీలు ట్రే తగిలింది. దాని అంచుతో మాస్కు మధ్యన కొట్టాడు. ఎక్కడ కొడితే ప్రాణం పోయినంత పనవుతుందో అతనికీ తెలుసు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. మళ్లీ కొట్టాడు. మాస్కు ఎర్రబడింది. మూడో దెబ్బకి సూది బల్ల అంచు మీద పడి, మెడ విరిగి, కదల్లేదు.

అప్పుడు డాక్టరమ్మ తీరిగ్గా వచ్చి అక్క చేతికున్న సెలైన్ సూది లాగేసింది.

"ఇక వదులు. ఎవరు గెలుస్తారో చూద్దామని ఆగాను."

ఈల నోరు తెరిచి, ఒక్క గుటక గాలి మింగి, ఆవిడ కాళ్ల దగ్గరే కూలిపోయాడు.

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది. బాస్ ఆనవాళ్లు చీఫ్‌కి చెప్పింది. ఆయన ఫోన్ పట్టుకుని పరిగెత్తాడు. విమానం మెట్ల మీద ఉన్న బాస్‌ని, తలుపు మూయబోతుండగా, కాలు పట్టి కిందికి లాగారు.

అక్క పక్క మంచం వైపు తిరిగింది. గుమ్మడికాయంత కట్టు, దానిలోంచి రెండు కళ్లు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది నీరసంగా, "ఇంతకీ ఆపరేషన్ నాకా, నీకా?"