నలభై ఒక్క డిగ్రీల అబద్ధం

"అది కారితే ఏటి గతి?"

ఇంకా ఏమీ జరగలేదు. ఏ గొట్టమూ పగల్లేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. అసలు ఆ వస్తువు అట్టపెట్టెలోంచే బయటికి రాలేదు. అయినా ప్రమీలారాణి ముందుగా ఆ మాటే అడిగింది. రైలెక్కితే వంతెన కూలుతుందేమో, పొయ్యి వెలిగిస్తే సిలిండర్ పేలుతుందేమో అని భయపడే మనిషి. ఆ భయం కోసమే ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ఆమెను పద్నాలుగేళ్ళుగా వదులుకోలేదు. విజయనగరంలో ఇరుగుపొరుగుకి ఆమె రైల్వే గార్డు గారి భార్య, ఊరూరా తిరిగి చీరలమ్ముకునే మనిషి. ఫైళ్ళలో ఏజెంట్ 27.

ఇనుప గనుల ఊరు బచేలీలో, వారపు సంతలో ఒక మిఠాయి కొట్టు వెనక గదిలో ఆమె, ఆమె చీఫ్ కూర్చున్నారు. లోపలికి రావడానికి, ఇక్కడివాళ్ళు ఎర్రచీమలతో నూరే పచ్చడి పేరుతో కోడ్ వర్డ్ చెప్పాల్సి వచ్చింది.

"చాప్‌డా పచ్చడి పుల్లగా ఉందా?"

"చీమలు కుట్టేంత."

చీఫ్ సత్యమూర్తి టీ గ్లాసులో ఈగ పడింది. ఆయన దాన్ని వేలితో తీసి గోడకు కొట్టి, మిగతా టీ తాగేశాడు. ప్రమీలారాణి తన గ్లాసు పక్కకి జరిపింది. దేశాన్ని కాపాడే మనిషి, ఈగ పడ్డ టీ పారబోయలేడా?

"వినండి," అన్నాడు చీఫ్. "ధూల్‌డోంగ్రీ గని. కొండను మెట్లు మెట్లుగా తవ్వుతున్నారు. ఒక్కో మెట్టు ఒక్కో బెంచ్. ఎదుటి గుట్ట మీద కంట్రోల్ రూమ్. అందులో ఒకే ఒక్క డెస్క్‌టాప్. కొండ కదలికను కనిపెట్టే రాడార్ పంపే లెక్కలన్నీ అదే చూసుకుంటుంది. కొండ వేలెడు జారితే సైరన్ మోగుతుంది. కింది బెంచ్‌లో ఉన్న పద్దెనిమిది మందీ పరుగెత్తుతారు."

"ఇప్పుడేటయింది?"

"ఆ కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది. దాని లోపల ప్రాసెసర్‌ని చల్లబరిచే ఎయిర్ కూలర్‌లో ఇనుప దుమ్ము పేరుకుంటోంది. కొత్త ఎయిర్ కూలరా, నీళ్ళ గొట్టాల లిక్విడ్ కూలరా, రేపు తేలుస్తారు. లిక్విడ్ వైపు ఎవరో గట్టిగా తోస్తున్నారు. మన అనుమానం ఒక విదేశీ ముఠా మీద. పేరు గ్లేసియర్. గని మూతపడితే ఖనిజం ధర వాళ్ళ చేతికెళ్తుంది."

"అదే అడిగాను. నీళ్ళ గొట్టం కరెంటు మీద కారితే?"

చీఫ్ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన 'అలా అయితే?' అన్న ప్రశ్నలకు ఎప్పుడూ జవాబు చెప్పడు.

"ఆ గనిలో మీకు కావలసినవాళ్ళెవరైనా ఉన్నారా? రూల్ ప్రకారం అడుగుతున్నా."

"లేరు."

అబద్ధం. ఆమె ఒక్కగానొక్క కూతురు స్వర్ణకుమారి ఆరు నెలల క్రితం ఆ కింది బెంచ్‌లోనే సర్వే ట్రైనీగా చేరింది. ఆ మాట చెబితే మిషన్ ఇంకెవరికో ఇస్తారు. ఆ ఇంకెవరో తన బిడ్డ గురించి తనంత భయపడతారా?

మర్నాడు ప్రమీలారాణి సఫాయి మనిషి వేషంలో కంట్రోల్ రూమ్‌లో ఉంది. ముఖానికి దుమ్ముగుడ్డ. చీపురు పిడిలో మైక్రోఫోన్. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో వైర్‌లెస్ సెట్.

ఆ గదిని చూస్తే ఆమెకు ఒళ్ళు జలదరించింది. బల్ల మీద, కుర్చీ మీద, మంచినీళ్ళ కూజా మూత మీద ఎర్ర దుమ్ము. మూలమూలల్లో నీలం దుమ్ము. బ్లూ డస్ట్ అంటారు, ఇనుమే, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. ఇన్‌చార్జి గిరీష్ గుట్కా నములుతూ చెత్తబుట్టలోకి ఊస్తున్నాడు. బుట్టకు అవతల కూడా ఊస్తున్నాడు. టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, డిగ్రీ చదివినవాడు. ఛీ, ఎందుకొచ్చిన చదువు!

"అమ్మా, ఆడ కూడా ఊడ్వు," అన్నాడు గిరీష్, ఊసిన చోటు చూపించి.

ఆపరేటర్ లక్మా పాత కూలర్ విప్పుతున్నాడు. సరిహద్దున కొంటా వైపు మనిషి, నాలుగు భాషలు కలిపి మాట్లాడతాడు. రేకుల మధ్య దుమ్ము అట్టలు కట్టింది. ఆ అట్టల్లో బల్లిగుడ్ల పెంకులు, ఒక ఎండిన బొద్దింక, ఎవరిదో జుట్టు, గుట్కా ప్యాకెట్ ముక్క. ప్రమీలారాణి దుమ్ముగుడ్డ మీంచే కొంగు కూడా ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు పూనం వచ్చింది. కూలర్ కంపెనీ సేల్స్ ఇంజనీరు. తెల్ల సల్వార్, తెల్ల చెప్పులు, చేతికి లావుపాటి వెండి కడియం, కళ్ళకు కాటుక. కుక్క కూడా ఎర్రగా తిరిగే ఈ ఊళ్ళో ఆమె మీద ఒక్క దుమ్ము మరక లేదు. గిరీష్ గబగబా గుట్కా మింగేశాడు.

"ఎయిర్ కూలర్ అంటే ఫ్యాన్, ఫ్యాన్ అంటే డస్ట్," అంది పూనం. "లిక్విడ్ అయితే పంపు నీళ్ళను తిప్పుతుంది. ప్రాసెసర్ వేడిని గొట్టాల్లో తీసుకెళ్ళి కిటికీ దగ్గర రేడియేటర్‌లో వదిలేస్తుంది. ఇంత ముఖ్యమైన మెషీన్‌కి అది లేకుండా ఎలా సార్?"

"ఆ రేడియేటర్‌కి ఫ్యాన్ లేదా మేడమ్?" అన్నాడు లక్మా.

"ఉంటుంది."

"మరి దానికి దుమ్ము పట్టదా?"

"చుప్ యార్," అన్నాడు గిరీష్.

లక్మా ఊరుకోలేదు. "ఫ్యాన్ ఆగితే సప్పుడు ఆగుతది, కంటికి కనబడతది. శనివారం శనివారం బ్రష్ కొడితే సాలు, పదేళ్ళు నడుస్తది. డబ్బా లోపల నీళ్ళు ఆగితే నాకు ఏంది తెలుస్తది?"

"స్క్రీన్ చెప్తుంది. ఎన్ని డిగ్రీలో అంకె చూడు, చాలు."

"కారితేనో?" అంది ప్రమీలారాణి చీపురు ఆపి.

పూనం ముత్యాలు రాలినట్టు నవ్వింది. "ఆంటీ, ఇది సీల్డ్ యూనిట్. మీ ఇంటి కుళాయి కాదు."

గిరీష్ సరేనన్నాడు, మధ్యాహ్నానికి లిక్విడ్ కూలర్ బిగించేశారు. ప్రమీలారాణి వైర్‌లెస్‌లో మెసేజ్ పంపింది: 'సేల్స్ మనిషి మీద అనుమానం.' జవాబు వెంటనే వచ్చింది: 'ఆ సేల్స్ మనిషి మన ఏజెంటే, కోడ్ పేరు చకోరి. గ్లేసియర్‌లో మనం పెట్టిన మనిషి. కూలర్ భద్రం అని చెప్పింది. మిషన్ క్లోజ్. తిరిగి రండి.'

'కారితే?' అని మళ్ళీ కొట్టింది. అవతల సెట్ కట్టేశారు.

పాత కూలర్ చెత్తబుట్ట పక్కన పడి ఉంది. దాన్ని ముట్టుకోవాలంటేనే అసహ్యం. అయినా కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, విడిగా తీసిన రేకుల్ని పాత టూత్‌బ్రష్‌తో తోమింది. నల్లటి జిగురు వేళ్ళకంటింది, బొద్దింక కాలొకటి గోటి సందున ఇరుక్కుంది. తోమి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఎందుకంటే ఏం చెబుతుంది? ఎందుకైనా మంచిదని.

మూడో రోజు ఉదయం వాన మొదలైంది. విజయనగరం వైపు రైలు పదకొండుకి. ప్రమీలారాణి స్టేషన్ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ దుమ్ముగుడ్డ కట్టుకుని, జీపెక్కి కొండకొచ్చేసింది. 'వానకి కొండ నానుతుంది, నానితే జారుతుంది, జారితే...' ఆ పైన ఆలోచన సాగలేదు. కూతురు ఫోన్‌కి రెండుసార్లు చేసింది, కలవలేదు. బెంచ్ దగ్గర సిగ్నల్ ఉండదు.

కంట్రోల్ రూమ్‌లో అంతా ప్రశాంతంగా ఉంది. గిరీష్ ఎప్పటిలా నములుతున్నాడు. పూనం సర్వీస్ చెక్ అని చెప్పి కుర్చీలో కూర్చుంది. స్క్రీన్ మూల ఆకుపచ్చ అంకె: నలభై ఒకటి.

"చూశావా ఆంటీ? కారలేదు," అంది పూనం.

నిజమే, ఒక్క చుక్క లేదు. ప్రమీలారాణి చీపురు పట్టుకుని బల్ల కిందికి వంగింది. కంప్యూటర్ డబ్బా పక్క రేకు తీసే ఉంది. ఆమె చెయ్యి తిరగేసి, ప్రాసెసర్ మీద బిగించిన పంపుకి ఆనించింది.

పిల్లకు జ్వరమొస్తే థర్మామీటర్ చూసే అలవాటు ఆమెకు లేదు. థర్మామీటర్ చంకలో సరిగ్గా పెట్టకపోతే అబద్ధం చెబుతుంది. చేతి వెనకవైపు నుదుటి మీద, తర్వాత అరికాళ్ళ మీద. నుదురు కాలిపోతూ కాళ్ళు చల్లబడితే ఆస్పత్రికి పరుగెత్తాలి. స్వర్ణకి మూడేళ్ళప్పుడు అలాగే కనిపెట్టి బతికించుకుంది.

పంపు పెనంలా చుర్రుమంది. చెయ్యి లాక్కుని గొట్టాల వెంట వెళ్ళి రేడియేటర్ మీద పెట్టింది. చల్లగా, చచ్చిన చేపలా ఉంది.

నుదుటి మీద నిప్పు, కాళ్ళలో చల్లదనం.

"లక్మా! నీళ్ళు తిరగట్లేదు! అంకె అబద్ధం!"

లక్మా స్క్రీన్ వైపు చూశాడు. రాడార్ బొమ్మ కదలడం లేదు. బొమ్మ మీది టైము ఆరు నిమిషాల వెనకే ఆగిపోయింది. వేడికి మెషీన్ బిగుసుకుపోయింది, నలభై ఒకటి మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. లక్మా వాకీటాకీ అందుకున్నాడు. గరగర తప్ప ఏమీ లేదు. ప్రమీలారాణి గోడ మీది సైరన్ చేతిమీట లాగింది. తుప్పు పట్టిన మీట ఊడి చేతికొచ్చింది. అరచేతి నిండా తుప్పు, దాని మీద ఎవరో ఊసిన గుట్కా. థూ!

"అందరూ కూర్చోండి," అంది పూనం. చేతిలో లిప్‌స్టిక్. దాని మూతి సన్నటి ఇనుప గొట్టం. "ఇందులో ఒక్క బుల్లెట్టే ఉంది. ఎవరికి కావాలి? కాసేపు ఓపిక పడితే ఈ వానే కొండ పని పూర్తిచేస్తుంది."

"నువ్వు మన మనిషివి కాదేటి?"

"రెండు చోట్లా పని చేస్తాను ఆంటీ. తల్లుల్ని ఫీల్డ్‌లోకి పంపొద్దని మీ చీఫ్‌కి చెప్పాను కూడా. ఊరికే భయపడతారు."

ప్రమీలారాణికి ఆ క్షణం భయం వేయలేదు. బొద్దింక కాలు గుర్తొచ్చింది. అది నయం. అంత తెల్లబట్టల లోపల ఇంత కుళ్ళు పెట్టుకుని కూర్చుంది ఈ మనిషి! కింద పద్దెనిమిది మంది, వాళ్ళలో తన బిడ్డ. ఆమె పక్కనున్న చెత్తచేట ఎత్తి, అందులోని బ్లూ డస్టంతా ఆ కాటుక కళ్ళలోకి విసిరింది.

లిప్‌స్టిక్ పేలింది. బుల్లెట్ గిరీష్ ఊసే చెత్తబుట్టకు తగిలింది. అందులో ఉన్నదంతా పూనం తెల్ల సల్వార్ మీద చిమ్మింది. గిరీష్ మొదటిసారి ఒక పనికొచ్చే పని చేశాడు: పూనం మీద పడి, ఆమె చేతులు డేటా కేబుల్‌తో కట్టేశాడు.

లక్మా కరెంటు తీసి స్క్రూలు విప్పాడు. తొందరలో గొట్టం కోసేశాడు. నీళ్ళు రాలేదు. చీమిడి వచ్చింది. ఆకుపచ్చగా, సాగుతూ, పడిశం పట్టిన పిల్లాడి ముక్కులోంచి జారినట్టు ఒక ముద్ద వేలాడింది. వేడి తగిలిన కొద్దీ గడ్డకట్టే మందు కలిపారు. కారుతుందేమో అని మూడు రోజులు భయపడింది ప్రమీలారాణి. అది కారలేదు, పారడం మానేసింది. ఎంత భయపడ్డా ఇంకొంచెం మిగిలిపోతుంది కాబోలు.

ఆమె సంచిలోంచి పాత కూలర్ తీసింది.

"అమ్మా! ఇది మీ దగ్గరెట్ల ఉంది?"

"బిగించు ముందు!"

"థర్మల్ పేస్ట్ లేదు. అది పూయకుంటే వేడి పైకి ఎక్కదు."

ప్రమీలారాణి సంచి కుమ్మరించింది. జెండూ బామ్ సీసా, ఓఆర్ఎస్ పొడి, సూదీదారం, టార్చి, టూత్‌పేస్ట్.

"తెల్లది. దీంతో పని జరుగుతాదా?"

లక్మా ఒక్క క్షణం చూశాడు. "రెండు మూడు గంటలు నడుస్తది. సాలు."

ప్రాసెసర్ మీద పుదీనా వాసన గుప్పుమంది. స్క్రూలు బిగిశాయి, కరెంటు వచ్చింది. ఫ్యాన్ గిర్రుమంది. ఆ చప్పుడు గది అంతా వినిపించింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. స్క్రీన్ వెలిగింది. రాడార్ బొమ్మ ముక్కలు ముక్కలుగా నిండుతోంది. కొండ నడుము దగ్గర పచ్చరంగు పసుపైంది. పసుపు నారింజ అయింది.

ఎరుపు.

సైరన్ అరిచింది. వానలో, కొండ అడుగున పసుపు హెల్మెట్లు పరుగెత్తడం కిటికీలోంచి కనిపించింది. ఆమె లెక్కపెట్టింది. పదకొండు. పన్నెండు. ఆ తర్వాత వాన అడ్డొచ్చింది. కొండ నడుము మెల్లగా ముడతపడి, ఒక్కసారిగా కింది బెంచ్ మీదికి దిగిపోయింది. నేల వణికింది. ఎర్రటి దుమ్ము, ఎర్రటి నీళ్ళు. ఏమీ కనిపించలేదు.

లక్మా వాకీటాకీలో అరుస్తున్నాడు. అదే గరగర. ప్రమీలారాణి తిరిగి చూసింది. పూనం కడియంలో చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది. వాకీటాకీని అడ్డుకుంటున్నది అదే! కడియం లాగి, బల్ల మీది ఇనుపరాయితో మూడు దెబ్బలు వేసింది. గరగర ఆగింది.

"కింది బెంచ్, రిపోర్ట్," అన్నాడు లక్మా. "కింది బెంచ్, ఎంతమంది ఉన్నరు? రిపోర్ట్."

ఏమీ లేదు.

టిఫిన్ క్యారియర్ అడుగున చీఫ్ గొంతు కీచుమంది. "ఏజెంట్ 27! సైరన్ ఏమిటి? కవర్ జాగ్రత్త. ఎవరితోనూ మాట్లాడకండి."

ప్రమీలారాణి గిన్నె మూత పెట్టేసింది. లక్మా చేతిలోంచి వాకీటాకీ లాక్కుంది. ముఖం మీది దుమ్ముగుడ్డ పీకేసింది.

"స్వర్ణా! అమ్మనే! నువ్వెక్కడున్నావు? పలుకమ్మా!"

వాన. ఫ్యాన్ చప్పుడు. గిరీష్ ఊయడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మింగేశాడు. లక్మా గోడ గడియారం వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. స్క్రీన్ మీద డిగ్రీలు యాభై రెండు, యాభై మూడు, యాభై రెండు. ఆమె మనసులో అప్పటికే అన్నీ జరిగిపోయాయి: తెల్లగుడ్డ, అంబులెన్సు, విజయనగరం స్టేషన్‌లో దిగిన పెట్టె. మళ్ళీ మీట నొక్కింది. వదిలేసింది.

వాకీటాకీ చిటపటమంది. ఎవరో దగ్గారు. తర్వాత, దుమ్ము నిండిన గొంతుతో:

"పద్దెనిమిది మందిమీ పైన రోడ్డు మీదున్నాం. ఎవరికీ ఏటీ కాలేదు... అమ్మా? నువ్వు చీరలమ్ముకోడానికి కంట్రోల్ రూమ్‌లోకి వచ్చీసావేటి?"