ఊ కొట్టే ఉద్యోగం

"ఊఁ" అంది నూకరత్నం.

బల్ల మధ్యలో ఉన్న పలక వంగింది. దాని మీది నల్ల గొడుగు జారి కిందికి వెళ్లిపోయింది. గొడుగు తెచ్చిన పెద్దమనిషి ఖాళీ పలక వంక ఒకసారి చూసి విమానం వైపు నడిచాడు.

తర్వాత ఇస్త్రీపెట్టె. "గమ్యంలో ఇస్త్రీపెట్టెలు ఉన్నాయి. ఒప్పుదల?" అని అడిగింది బల్లలోని లెక్కల యంత్రం, లెక్కరి. దాని గొంతు మెత్తగా ఉంటుంది, పెళ్లికి వచ్చిన దూరపు చుట్టంలాగ మహా మర్యాదగా మాట్లాడుతుంది.

"ఊఁ."

తర్వాత ఊరగాయ జాడీ. "గమ్యంలో ఊరగాయ ఉంది. ఒప్పుదల?" అక్కడున్నది ఏ ఊరగాయో, అందులో ఆవపిండి ఎంత పడిందో లెక్కరికి అక్కర్లేదు. జాడీ తెచ్చిన ముసలమ్మకు మాత్రం కావాలి. ఆవిడ నోరు తెరిచేలోపే నూకరత్నం "ఊఁ" అనేసింది, జాడీ వెళ్లిపోయింది.

ఇంధనాన్ని మందులా కొలిచి వాడుకుంటున్న రోజులవి. ఏ ఊళ్లో ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో లెక్కరికి తెలుసు. చేరబోయే చోట ఉన్న వస్తువును ఇక్కడి నుంచి ఆకాశంలోకి ఎత్తి మోసుకెళ్లడం వృథా అని అది తేల్చింది. ఈ సూత్రానికి ప్రభుత్వం పెట్టిన పేరు పలకడానికి ఊపిరి చాలదు. జనం దాన్ని 'అక్కడుంది' అని పిలుచుకుంటారు.

అయితే యంత్రం తనంతట తానుగా మనిషి చేతిలోంచి ఏదీ లాక్కోకూడదని ఒప్పుదల చట్టంలో ఉంది. ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని, ప్రయాణికుడి మొహం చూసి, తన నోటితో సరే అనాలి. అందుకోసమే తూర్పుతీర గగనాశ్రయంలో ఈ బల్లలూ, వాటి వెనక ఈ ఒప్పుదల అధికారులూ. మొదట్లో వీళ్లు "నేను ఒప్పుకుంటున్నాను" అని నిండుగా అనేవారు. నాలుక అరిగి అది "సరే" అయింది. ఆ పైన, కథ వినేవాళ్లలాగ "ఊఁ" దగ్గర ఆగింది. లెక్కరి దానికీ అలవాటు పడింది. సామాన్లు మోసేవాళ్లు ఈ అధికారులను ఊకొట్టుగాళ్లు అని వెక్కిరిస్తారు. నూకరత్నం భర్తయితే, "ఊరందరికీ ఊ కొడతావు, ఇంట్లో మాత్రం ఒక్క మాటకీ కొట్టవు" అని దెప్పుతాడు. నిజమే మరి. పొద్దస్తమానం ఒప్పుకుని ఇంటికొచ్చిన మనిషికి ఇంక దేనికీ ఒప్పుకోబుద్ధి కాదు.

వద్దనుకుంటే "ఊహూఁ" అనే హక్కు కూడా అధికారికి ఉందని శిక్షణలో చెప్పారు. చెప్పినాయనే నవ్వేసి, "ఆ అవసరం రాదులెండి" అన్నాడు. ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

వరుస జరిగింది. ఈసారి భుజాన కండువా వేసుకున్న ఒక నడివయసు మనిషి వచ్చాడు. పేరు గౌరునాయుడని తెర మీద పడింది. పక్కన ఆయన కూతురు తారిణి. పిల్ల చంకలో ఒక నీలిరంగు ఎత్తుపీట ఉంది. కారు సీటు మీద వేసి పిల్లల్ని కూర్చోబెట్టే రకం, వీపు ఉండదు. వాడి వాడి అంచులు ఒరుసుకుపోయి లోపలి నురుగు కనిపిస్తోంది.

"దాన్ని ఇక్కడ పెట్టమ్మా" అంది నూకరత్నం.

పిల్ల పెట్టలేదు. తండ్రి వంక చూసింది.

"పెట్టు తల్లీ. సూసి ఇచ్చేస్తారు" అన్నాడు గౌరునాయుడు.

పలక మీద పీట పడీ పడగానే లెక్కరి అందుకుంది. "పిల్లల ఎత్తుపీట. విమానంలో నడుముపట్టీ మాత్రమే ఉంటుంది కనుక అక్కడ దీని వాడుక లేదు. గమ్యం హిమవాడలో ఎత్తుపీటలు ఉన్నాయి. ఒప్పుదల?"

ఊ నూకరత్నం పెదాల దాకా వచ్చింది.

"ఆగండమ్మా!" అన్నాడు గౌరునాయుడు. "ఉన్నాయంటంది, బాగానే ఉంది. మా పిల్లకిస్తారో ఇవ్వరో అది కూడా అడగండి."

అలా అడగమన్నవాళ్లు ఇదివరకు లేరు. అడిగితే పోయేదేముందని నూకరత్నం అడిగింది.

"హిమవాడలో ఎనిమిదేళ్లు నిండని పిల్లలకు ఎత్తుపీట ఇస్తారు" అంది లెక్కరి. "ఈ ప్రయాణికురాలికి తొమ్మిదేళ్లు. ఈమెకు ఎత్తుపీట అవసరం లేదు."

"అయితే ఈ పిల్లకి అక్కడ పీట లేనట్టేగా?"

"పీటలు అక్కడ ఉన్నాయి. ఒప్పుదల?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్కడ ఉన్నాయి కాబట్టి తీసుకెళ్లకూడదు. తొమ్మిదేళ్లు కాబట్టి అక్కడ ఇవ్వరు. విడివిడిగా చూస్తే రెండు సూత్రాలూ సబబుగానే ఉన్నాయి. ఆ రెండూ రాసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉండరు.

నూకరత్నం పిల్లను పరకాయించి చూసింది. తొమ్మిదేళ్లంటే నమ్మడం కష్టమే. మనిషి చిన్నది, భుజాలు ఇంకా చిన్నవి. బల్ల అంచు గడ్డానికి తగులుతోంది.

"రోగమేం కాదమ్మా" అన్నాడు గౌరునాయుడు, ఆమె చూపు పోల్చుకుని. "ఎదుగుదల నెమ్మది. మా అమ్మా ఇలాగే ఉండేది, డెబ్బై ఏళ్లు బతికింది. వీళ్లమ్మ అక్కడ కొండదారికి గట్లు కట్టే పనిలో ఉంది. ఇంక మేమూ అక్కడే ఉంటాం. బడికెళ్లాలంటే రోజూ కొండ దిగాలి, ఎక్కాలి. అన్నీ డ్రైవరు లేని బళ్లే. మలుపులో ఏదడ్డొచ్చినా గబుక్కున ఆగిపోతాయి. పీట లేకపోతే ఏటవుద్దో సూపిస్తాను, ఒక్క నిమిషం ఆగండి."

ఆయన బల్ల పక్కనున్న ఇనపకుర్చీలో కూతుర్ని కూర్చోబెట్టాడు. భుజం మీది కండువా తీసి, ఒక కొస కుర్చీ వీపు పైన పట్టుకుని, రెండో కొస ఏటవాలుగా నడుం దగ్గరికి లాగి పట్టుకున్నాడు, కారు బెల్టు వచ్చినట్టు. కండువా సరిగ్గా పిల్ల గొంతు మీద పడింది. తారిణి గడ్డం పైకెత్తి ఊపిరి పీల్చుకుంది. ఎవరూ చెప్పకుండానే ఎత్తింది. ఇలాంటి ప్రయాణాలు చేసి ఉందన్నమాట.

గౌరునాయుడు పలక మీది పీట తీసి పిల్ల కింద పెట్టాడు. మళ్లీ కండువా లాగాడు. ఈసారి అది భుజం మీదుగా దిగి ఛాతీకి అడ్డంగా పడింది.

"అదమ్మా తేడా" అన్నాడాయన. "అంతే. నాకింకేం వద్దు. నా బట్టల పెట్టె ఉంచేసుకోమనండి. నా చెప్పులు ఉంచేసుకోమనండి."

"వస్తువును పలక మీద పెట్టండి" అంది లెక్కరి. "ఒప్పుదల?"

నూకరత్నానికి ఒళ్లు మండింది. ఆ మెత్తటి గొంతు మీద వచ్చిన కోపం కాదది. తన నోట్లో సిద్ధంగా కూర్చుని ఉన్న ఆ ఊ మీద వచ్చింది. ఆ కండువా చూడకపోయి ఉంటే ఈపాటికి అనేసి ఉండేది.

"ఒప్పుదల?"

ఆమె మాట్లాడలేదు. వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. లెక్కరి ఇంకోసారి అడిగి, ఇంక తన వల్ల కాదన్నట్టు బల్లల పెద్ద సన్యాసిరావును పిలిచింది.

సన్యాసిరావు చెడ్డవాడు కాదు. వరుస కదులుతుంటే చాలు, ఆయనకు లోకంలో ఎవరి మీదా పగ లేదు. వస్తూనే, "ఏటి నూకరత్నం, గొంతు పట్టేసిందేటి?" అన్నాడు.

"గొంతు బాగానే ఉందండి. మాటే రావట్లేదు."

ఆయన సంగతంతా విన్నాడు. పిల్లనూ పీటనూ చూశాడు. ఆయన మొహం విప్పారింది. "ఓస్, ఇంతేనా! దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా? పిల్ల వయసు ఏడని దిద్దేద్దాం. ఏడేళ్ల పిల్లలాగే ఉంది కదా, ఎవరు కాదంటారు? దిగీ దిగగానే కొత్త పీట చేతిలో పెడతారు. పామూ చావదు, కర్రా విరగదు."

వరుసలో ఒకరిద్దరు తలూపారు. నూకరత్నం కూడా, ఒప్పుకోవడానికి సిగ్గేసినా, గుండెల మీది బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. దొడ్డిదారి దొరికితే రాజవీధి కోసం పేచీ పెట్టుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆమె దిద్దుబాటు మీట మీద వేలు పెట్టింది.

"మరి బడిలో?" అన్నాడు గౌరునాయుడు.

సమాధానం లెక్కరే ఇచ్చింది. "ఏడేళ్ల వయసుకు రెండో తరగతి."

"నేను నాలుగో తరగతి" అంది తారిణి.

అంతవరకూ ఆ పిల్ల నోరు విప్పలేదు. గట్టిగానూ అరవలేదు. కానీ వరుసలో చివరివాళ్ల దాకా వినిపించింది.

"నాకు భాగహారం వచ్చు. మళ్లీ రెండులో కూర్చోను. నాకు ఏడు కాదు."

"అమ్మడూ, కాగితం మీద మాత్రమేనే" అని బుజ్జగించబోయాడు సన్యాసిరావు.

"కాగితం మీదైతే మీ వయసు తగ్గించుకోండి బాబూ, మాదెందుకు?" అన్నాడు గౌరునాయుడు. "పొట్టిగా ఉందంటే పొట్టిగా ఉందనే రాసుకోమనండి. మాకేం నామోషీ లేదు. తొమ్మిదేళ్లు బతికింది. ఆ తొమ్మిదేళ్లూ దానివే. అందులో రెండు కొట్టేసి పీట ఇస్తానంటే నాను ఒప్పుకోను."

"అయితే పీట వదిలేసి ఎక్కండి, లేకపోతే పక్కకి తప్పుకోండి! వెనక జనం ఉన్నారు" అన్నాడు సన్యాసిరావు. మర్యాద అయిపోయింది. నూకరత్నం వైపు తిరిగాడు. "నువ్వు ఊ అను. మిగతాది నేను చూసుకుంటాను."

"మీరు చూసుకోలేరండి. మొహం చూసినవాళ్లే అనాలని చట్టంలో ఉంది."

"చట్టం నాకు చెబుతున్నావా? ఊ కొట్టడానికేనమ్మా నీకీ ఉద్యోగం ఇచ్చింది!"

"ఊ కొట్టడానికే అయితే ఒక చిలకని పెంచుకోవాల్సిందండి. గింజలేస్తే సరిపోయేది. మనిషిని ఎందుకు కూర్చోబెట్టారు?"

వరుసలో ఎవరో ఫక్కున నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. రేపీ కుర్చీ తనది కాకపోవచ్చు. ఇంకెక్కడా తనలాంటివాళ్లతో పని లేదు. ఊ కొట్టడం తప్ప ఇన్నేళ్లలో ఏం నేర్చుకుందని? ఆమె దిద్దుబాటు మీట మీద నుంచి వేలు తీసేసింది.

"ఊహూఁ" అంది.

లెక్కరి వెంటనే ఏమీ అనలేదు. అది ఆలోచించుకోవడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు.

"మళ్లీ చెప్పండి."

"ఊహూఁ అన్నాను. ఒప్పుకోను. ఈ పిల్ల వయసు తొమ్మిది. ఈ పీట ఈ పిల్లతో పాటే వెళ్తుంది."

"కారణం?"

నూకరత్నం వెతుక్కుంది. ఎత్తు, బెల్టు, కొండదారి, రెండు సూత్రాలు. చెప్పాలంటే చాలా ఉంది. చెబితే లెక్కరి దేనికదే విడదీసి జవాబు చెప్పేస్తుందనీ తెలుసు.

"నేను చూశాను" అంది.

తర్వాత అదే మెత్తటి గొంతు, ఈసారి అన్ని బల్లల దగ్గరా ఒకేసారి పలికింది. "నిరాకరణ నమోదైంది. ఇది మొదటి నిరాకరణ. ఒప్పుదల చట్టం ప్రకారం, 'అక్కడుంది' నిర్ణయాన్ని ఒక మనిషి చూసి కాదన్నప్పుడు, మిగిలిన నిర్ణయాలను కూడా మనుషులు విచారించే వరకు పలకలు నిలిపివేయబడతాయి."

హాలంతటా పలకలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మూడో బల్ల దగ్గర సగం వంగిన పలక మీద ఎవరిదో ప్రెషర్ కుక్కరు కిందికి పడనా వద్దా అన్నట్టు నిలిచిపోయింది. దాని తాలూకు మనిషి అటూ ఇటూ చూసి, చటుక్కున దాన్ని లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు.

తారిణి కుర్చీలోంచి దూకి పీటను చంకలో ఇరికించుకుంది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"నా వయసు మార్చలేదు కదండీ?"

"లేదమ్మా. తొమ్మిదే ఉంది, చూసుకో" అని నూకరత్నం తెరను పిల్ల వైపు తిప్పింది. తారిణి మునివేళ్ల మీద లేచి చదువుకుని, తృప్తిగా తలూపి వెళ్లింది. గౌరునాయుడు రెండు చేతులూ జోడించి కూతురి వెనకే నడిచాడు.

సన్యాసిరావు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఎంత పని చేశావమ్మా! ఇప్పుడీ సామానంతా ఎవరు చూస్తారు? ఒక్కొక్కళ్లనీ పిలిచి ఇదెందుకు, అదెందుకు అని అడుగుతూ కూర్చుంటే విమానం ఎప్పుడు లేస్తుంది?"

"మనుషులెక్కాక లేస్తుందండి" అంది నూకరత్నం.

వరుసలో తర్వాత నిలబడ్డావిడ ఒక పాత కుట్టుమిషను తలను గుండెలకు హత్తుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. పలక మీద పెట్టాలో వద్దో ఆవిడకు తెలియడం లేదు. నూకరత్నం కుర్చీ ముందుకు లాక్కుంది.

"రండమ్మా. ఇది మీకెందుకో చెప్పండి, వింటాను."

"చెప్పొద్దు!" అని అరిచాడు సన్యాసిరావు హాలు మధ్యకు పరిగెత్తి. "ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పొద్దు!"

అప్పటికే హాలంతా చెబుతోంది.