చేదెక్కిన దానిమ్మ రసం

"మా చెల్లెలు నన్ను చంపాలని చూస్తోంది" అన్నాడు గడియారాల మేస్త్రి, కుర్చీలో కూర్చోకముందే.

డిటెక్టివ్ ముందున్న ఫైలు మూసింది. అసిస్టెంటు నోట్‌బుక్ తీశాడు. కోర్టులో స్టెనోగా చేసి రిటైరైన మనిషి. లాయర్ల ప్రశ్నలు ఎన్నో విన్నాడు గానీ, ఈవిడ అడిగే తీరు చూస్తే అతనికి ఇప్పటికీ ముచ్చటే.

మేస్త్రికి గుండెజబ్బు, బీపీ ఉన్నాయి. భర్త పోయాక అతని దగ్గరే ఉంటున్న చెల్లెలు, గుండెకు మంచిదని రోజూ పొద్దున గ్లాసెడు దానిమ్మ రసం పిండుతోంది. ఈ వారం సోమ, మంగళవారాల్లో, మళ్లీ ఇవాళ గురువారం, అది తాగిన రెండు గంటలకల్లా అతను కళ్లు తిరిగి దుకాణంలో పడిపోయాడు.

"బుధవారం?"

"ఆ రోజు బానే ఉన్నాను. రసం తియ్యగానే ఉంది. మిగతా రోజులు చేదు."

"బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఇప్పుడు వేసుకుంటున్నానండీ."

ఆవిడ పెన్సిల్ క్షణం ఆగింది.

"చెల్లెలితో ఏమన్నారు?"

"పెట్టె సర్దుకోమన్నాను. రేపు వెళ్లిపోతుంది."

గంటలో వాళ్లు మేస్త్రి వంటింట్లో ఉన్నారు. ఏడ్చి ఏడ్చి చెల్లెలి కళ్లు ఉబ్బిపోయాయి.

"లోపలి తెల్లపొర పడితే చేదొస్తుంది కదమ్మా?" అంది డిటెక్టివ్.

చెల్లెలు ఒలిచిపెట్టిన గింజల గిన్నె ముందుకు జరిపింది. ఒక్క పొర ముక్క లేదు.

"పిండాక మీరే ఇస్తారా?"

"ఇక్కడ పెడతాను, వదిన తీసుకెళ్తుంది. బుధవారాలు మాత్రం వదిన పొద్దున్నే లాండ్రీ డ్యూటీకి వెళ్లిపోతుంది. ఆ రోజు నేనే ఇస్తాను."

అలమరలో మాత్రల డబ్బా ఉంది. పోయిన వారం మంగళవారం ముప్పై కొన్నట్టు బిల్లు. మిగిలినవి పన్నెండు. పక్కనే చిన్న రోలు, దాని అడుగున తెల్లటి పొడి.

"అయితే భార్యేనా?" అన్నాడు అసిస్టెంటు గొంతు తగ్గించి.

"తొందరపడకండి. వాళ్ల డాక్టరుగారిని పిలిపించండి."

సాయంత్రం అందరూ ముందుగదిలో కూర్చున్నారు. చెల్లెలు మాత్రం పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"రసంలో కలిసింది విషం కాదు, మేస్త్రిగారి మాత్రే" అంది డిటెక్టివ్. "పోయిన మంగళవారం నుంచి ఇవాళ్టికి పది రోజులకి పది మాత్రలు అవ్వాలి. పద్దెనిమిది అయ్యాయి. రెండు బుధవారాలు తీసేస్తే, రోజుకొకటి చొప్పున ఎక్కువ. దంచి కలిపింది మీ ఆవిడ."

మేస్త్రి భార్యవైపు తిరిగాడు. "నువ్వా?"

"మిమ్మల్ని బతికించుకుందామని!" అందామె. "చేతికిచ్చిన మాత్ర మింగినట్టే మింగి, గోడగడియారం పెట్టెలో దాచేవారు. దుమ్ము దులుపుతుంటే గుప్పెడు రాలాయి. అడిగితే, రసం తాగుతున్నాను కదా, మాత్రలెందుకు అంటారు. అందుకే ఆ రసంలోనే కలిపాను. అనుమానం రాకుండా చేతికి మరోటి ఇస్తూనే ఉన్నాను."

"ఇన్నాళ్లూ లేనిది సోమవారం నుంచే ఎందుకు పడిపోయారు?" డిటెక్టివ్ మేస్త్రిని చూసింది. "మాత్రలు ఇప్పుడు వేసుకుంటున్నానన్నారు. ఎప్పట్నుంచి?"

మేస్త్రి తల దించుకున్నాడు. "ఆదివారం ఛాతీలో నొప్పొచ్చింది. భయమేసింది. సోమవారం నుంచి నిజంగానే మింగుతున్నాను."

"అంటే రోజుకి రెండు" అన్నాడు డాక్టరు. "బీపీ ఒక్కసారిగా పడిపోయింది. ఇంకొన్నాళ్లు సాగితే ప్రాణం మీదికొచ్చేది. దానిమ్మ రసం బీపీని కాస్త తగ్గిస్తుందని కొన్ని చిన్న చిన్న పరిశోధనలు చెప్పాయి. తాగితే తాగండి, కానీ అది మాత్రకి బదులు కాదు. ఏ మాత్రతో ఎంత తాగొచ్చో నన్నడగండి."

అసిస్టెంటు నోట్‌బుక్ మూశాడు. కోర్టులో ఇలాంటి కేసు ఒక్కటీ చూడలేదు. నేరం ఉంది, నేరస్థులు లేరు.

"నన్నొక్క మాట అడగాల్సింది అన్నయ్యా" అంది చెల్లెలు.

మేస్త్రి లేచాడు. వంటింట్లోకి వెళ్లాడు. చాలాసేపటికి, ఎర్రబడ్డ వేళ్లతో గ్లాసు తెచ్చి చెల్లెలి ముందు నిలబడ్డాడు. రసంలో పొర ముక్కలు తేలుతున్నాయి.

ఆమె తాగలేదు. కానీ గ్లాసు అందుకోవడానికి పెట్టె కింద పెట్టాల్సి వచ్చింది.