కట్ చెప్పాక నవ్వాలి

నా పేరు ఆదినారాయణ. ఫిల్మ్ నగర్‌లో ఈ పేరు చెప్తే ఎవరూ గుర్తుపట్టరు. "శవాల ఆదినారాయణ" అంటే మాత్రం టీ కొట్టువాడు కూడా మా ఇంటి అడ్రసు చెప్తాడు. ఇరవై రెండేళ్లలో నూట నలభైసార్లు చచ్చాను. హీరో తండ్రిగా, హీరోయిన్ మేనమామగా, బస్సు ప్రమాదంలో మూడోవాడిగా. ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ముక్కు మీద ఈగ వాలినా చలించడని పెద్ద దర్శకులే మెచ్చుకున్నారు. బతికున్నవాడి వేషం మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు, అది వేరే సంగతి.

మాలో ఒక ఆనవాయితీ ఉంది. శవం వేషం వేసినవాళ్లు, దర్శకుడు కట్ చెప్పగానే, పడుకున్న చోటే లేచి కూర్చుని కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వునూ తీస్తారు. సినిమాలో వాడరు, కానీ తీయకుండా ఎవరూ ఇంటికి పోరు. నవ్వితే ఆ చావు అక్కడితో వదిలిపోతుందని మా నమ్మకం. దేవుడూ లేడు, దెయ్యమూ లేదనే దర్శకుడు కూడా "నవ్వు తీశారా?" అని అడిగాకే ప్యాకప్ చెప్తాడు.

మా అమ్మాయి మనోజ్ఞ నవ్వు తీయలేదు. తప్పు నాదే.

పిల్లకి ఇరవై ఏళ్లు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఏదో వెబ్ సిరీస్‌లో హీరో చెల్లెలి వేషం వచ్చిందని ఎగిరి గంతేసింది. తీరా చూస్తే మొదటి సీన్‌లోనే చచ్చిపోయే చెల్లెలు. మా వంశానికి అదే రాసిపెట్టి ఉంది కాబోలని ఇద్దరం నవ్వుకున్నాం. షూటింగ్ జూబిలీ హిల్స్‌లోని ద్రాక్షతోట బంగ్లాలో. నిజాం కాలం నాటి ఇల్లు. ముప్పై ఏళ్లు పాడుబడి, ఈ మధ్యే బాగుచేశారు. ఆదివారాలు టికెట్టు కొని చూడొచ్చు, మిగతా రోజులు షూటింగులకి ఇస్తారు.

గురువారం సాయంత్రం ఆఖరి షాట్. వెనక వసారా పక్క గదిలో నులక మంచం మీద మనోజ్ఞ, మీద తెల్ల దుప్పటి. దర్శకుడు కట్ అన్నాడు. అదే క్షణంలో జోరున వాన. బయట పెట్టిన లైట్లూ, సామానూ తడుస్తాయని అందరూ తలో దిక్కూ పరుగెత్తారు. నేను ప్రొడక్షన్ మేనేజర్ పృథ్వీరాజ్‌కి గొడుగు పడుతూ, ఫ్లాష్‌బ్యాక్‌లోనైనా పిల్లకి నాలుగు మాటలు రాయించమని బతిమాలుతున్నాను. నవ్వు సంగతి నాకే గుర్తులేదు.

శుక్రవారం పొద్దున చూస్తే మనోజ్ఞ వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు పొట్ట మీద. కాళ్లు జోడించి. చిన్నప్పటినుంచీ బోర్లా పడుకునే పిల్ల అది.

శనివారం రెండు బొటనవేళ్ల చుట్టూ ఎర్రటి గీతలు కనిపించాయి. తాడు బిగించి కట్టినట్టు.

ఆదివారం ఎంత లేపినా లేవలేదు. నీళ్లు చల్లాం. చెంపలు తట్టాం. పావుగంటకి కళ్లు తెరిచి, "నాన్నా... లేవడం ఎలాగో మర్చిపోయాను" అంది.

మా ఆవిడ శ్యామలాదేవి నా చొక్కా పట్టుకుంది. "ఇప్పుడే తీసుకెళ్లండి. అక్కడే పడుకోబెట్టి, అక్కడే లేపి, నవ్వించి తీసుకురండి. రేపు పొద్దున నా పిల్ల అసలు లేవదు. నాకు తెలుస్తోంది" అంది. ఆ మాట నాకూ తెలుస్తోంది. అయితే పైకి అనే ధైర్యం లేకపోయింది.

మధురానగర్‌లో మా ఇంటి నుంచి నేనూ, మనోజ్ఞా ఆటోలో వెళ్లాం. మూడున్నరకి గేటు దగ్గర పెద్ద వరసే ఉంది. సెలవు రోజు, పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలు, పెళ్లి ఫోటోలకి వచ్చిన ఒక జంట. రెండు పెద్ద బండరాళ్ల మధ్యనుంచి దారి. ఇటుపక్క కొత్తగా వేసిన ద్రాక్ష పందిళ్లు, ఇంకా తీగ కూడా సరిగ్గా పాకలేదు. బంగ్లా మాత్రం పెళ్లికూతురిలా ఉంది. డంగు సున్నం గోడలు, టేకు తలుపులకి కొత్త పాలిష్ వాసన, రంగు అద్దాల్లోంచి నేలమీద పడే ఎండ. గైడు అమ్మాయి హాలూ, భోజనాల గదీ, దొరసాని అద్దమూ చూపిస్తూ గడగడా చెప్పుకుపోతోంది. జనం సెల్ఫీలు దిగుతున్నారు.

మనోజ్ఞ మెట్లెక్కుతుంటే చూశాను. రెండు కాళ్లూ కలిపి, ఒక్కో మెట్టూ ఎగిరి ఎక్కుతోంది.

"అలా ఎక్కుతున్నావేంట్రా?"

"ఎలా నాన్నా?" అంది. దానికి తెలియడం లేదు.

వెనక గది తలుపు మీద "విశ్రాంతి మందిరం" అని ఇత్తడి పలక. లోపల అదే నులక మంచం, మీద మడతపెట్టిన అదే తెల్ల దుప్పటి. గైడు "తోట పనివాళ్ల కోసం యజమాని కట్టించిన గది" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు పోయింది. కాపలా మనిషి బాలనర్సయ్య మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. గురువారం కూడా అక్కడే ఉన్నాడు.

"నవ్వు తియ్యలే కద సార్" అన్నాడు, నేను నోరు తెరవకముందే. "నేను జూస్తనే ఉన్న. వానల ఎవల్ని పిలుద్దు?"

"ఒక్క పది నిమిషాలు ఈ గది ఇప్పించండి పెద్దాయనా. ఫోన్లో తీసుకుని పోతాం."

"అందరు పోయినంక రాండ్రి." గొంతు తగ్గించి అన్నాడు. "మా తాత గీ తోటల్నే పని చేసిండు. జరమొచ్చినోళ్లను గీ అర్రల పండవెట్టేటోళ్లట. పండినోడు లేసింది లేదు సార్."

"అంత పెద్ద జబ్బా?"

"జబ్బు గాదు. ఉన్నది ఒక్కటే మంచం. ఎనక ఇంకొకడు అచ్చి కూసుంటుండె. మేస్త్రీ... మంచం ఖాళీ గావాలెనని, పానం ఉండంగనే శవానికి గట్టినట్టు కాలి బొటనేళ్లు కట్టిచ్చెటోడట."

మనోజ్ఞ నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. "నాన్నా, నన్ను మళ్లీ దానిమీద పడుకోబెట్టకు. ఈసారి లేవలేను."

నాకు ఏడుపొచ్చింది. కన్నతండ్రినై ఉండి ఆరోజు గొడుగు పట్టుకుని నిలబడ్డానే అని నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడే ఆ ఆలోచన వచ్చింది. మా పరిశ్రమ మనిషికే వచ్చే ఆలోచన. హీరో అద్దం పగలగొట్టుకుని దూకాలంటే డూప్ దూకుతాడు. గాజుముక్కలు డూప్‌కి గుచ్చుకుంటాయి, షాట్ హీరోది అవుతుంది. ఇది మాత్రం ఎందుకు కాదు? నా బిడ్డకి నేను డూప్. దాని బదులు నేను పడుకుంటాను, దాని బదులు నేను నవ్వుతాను. చావడంలో నాకున్న అనుభవం ఈ ఊళ్లో ఎవడికుంది?

"నువ్వు ఫోన్ పట్టుకో. యాక్షన్ చెప్పు, కట్ చెప్పు. అంతే" అన్నాను. పిల్ల మొహంలో మూడు రోజుల తర్వాత కాస్త రంగు వచ్చింది.

అయిదున్నరకి జనం వెళ్లిపోయారు. గేటు మూసిన చప్పుడు వినబడింది. బాలనర్సయ్య వసారాలో లైటు వేసి దూరంగా కూర్చున్నాడు. కొండ వెనక ఎండ దిగిపోయింది. నేను చెప్పులు విప్పి మంచమెక్కాను. నులక కిర్రుమంది. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

ముందు ఉతికిన బట్ట వాసన. తర్వాత మగ్గిన ద్రాక్షపళ్ల వాసన. కాసే తీగ ఒక్కటీ లేదు ఆ తోటలో. ఆ వాసన మెల్లగా పులిసింది. గొంతులోకి దిగింది.

"రెడీనా నాన్నా?"

"ఊఁ."

"యాక్షన్."

ఊపిరి బిగబట్టాను. దూరంగా రోడ్డు మీద బళ్ల రొద. అది కూడా తగ్గింది... ఆగిపోయింది. ఏమీ వినబడటం లేదు. మనోజ్ఞ ఊపిరి కూడా.

కాలి దగ్గర ఏదో తగిలింది.

చల్లగా. బొటనవేళ్ల మధ్యనుంచి... ఒక చుట్టు. రెండో చుట్టు. ఎవరో నిదానంగా, చేయి తిరిగినవాళ్లలా కడుతున్నారు. కదలకూడదు అనుకున్నాను. షాట్ నడుస్తోంది. కదిలితే పిల్ల పని చెడుతుంది. ముడి బిగిసింది.

"కట్!"

హమ్మయ్య అనుకుని లేవబోయాను.

లేవలేదు.

చెయ్యి ఎత్తాలని చూశాను. చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. నోరు తెరవాలని చూశాను... నోటినిండా దూది. లేవడం ఎలాగో... ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు.

దుప్పటి లేచింది.

నేను లేపలేదు. నాలోంచే ఎవరో లేచి కూర్చున్నారు. కింద పడుకుని చూస్తున్నాను. నా చొక్కా. నా బట్టతల. నా వీపు. ఆ మనిషి కెమెరా వైపు తిరిగి నవ్వాడు. నా నవ్వే. ఇరవై రెండేళ్లుగా నేను నవ్వే నవ్వు.

"ఎంత బాగా నవ్వావు నాన్నా!" మనోజ్ఞ గొంతులో ఏడుపూ, సంతోషమూ. "చూడు, నా కాళ్లు వెచ్చగా అయిపోయాయి. గీతలు కూడా పోయాయి!"

"పద అమ్మా. అమ్మ ఎదురుచూస్తుంటుంది" అన్నాడు వాడు, నా గొంతుతో.

చెప్పులు వేసుకున్న చప్పుడు. నా చెప్పులు.

"ఏమన్న మర్చినరా సార్?" బాలనర్సయ్య అడిగాడు.

"ఏం లేదు."

తలుపు మూసుకుంది. డూప్ అంటే ఏమిటో మా పరిశ్రమకే తెలుసనుకున్నాను. ఆ ఇంటికి మాకంటే ముందే తెలుసు.

ఎన్ని రోజులు గడిచాయో లెక్క లేదు. చీకటి, వెలుగు, చీకటి. ఒక్క ఆలోచన పట్టుకుని పడుకున్నాను. నా బిడ్డ లేచింది, నడుస్తోంది, కాలేజీకి పోతోంది. అది చాలు. దానికోసమే కదా వచ్చింది.

మళ్లీ జనం చప్పుడు వినబడింది. గైడు "తోట పనివాళ్ల కోసం..." అని అదే ముక్క చెప్పి వెళ్లిపోయింది. అందరూ వెళ్లాక రెండు జతల అడుగులు మాత్రం గదిలో ఆగాయి.

"ఇక్కడికెందుకు నాన్నా మళ్లీ?" మనోజ్ఞ గొంతు. ఎంత హుషారుగా ఉందో! నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కసారి పడుకో అమ్మా. ఫోటో తీస్తాను. ఇక భయం పోయిందని అమ్మకి చూపిద్దాం" అంది నా గొంతు.

"ఛీ, వద్దు నాన్నా."

"నేనున్నాగా పక్కన."

వద్దు తల్లీ. వద్దు. అరుస్తున్నాను. నోటినిండా దూది. బొటనవేళ్లు విడిపించుకోవాలని గింజుకుంటున్నాను. నులక ఒక్క పోగు కూడా కదలడం లేదు.

అది నవ్వుతూ చెప్పులు విప్పింది. మంచం పట్టె మీద చెయ్యి వేసింది.

ఇన్నాళ్లూ ఈ మంచం మీద ఒక్కణ్ణే ఉన్నాననుకున్నాను. నా కుడిపక్కన, తన వంతు కోసం కాచుకున్న ఎవరో కొంచెం జరిగి, దానికి చోటిచ్చారు.